నీడపట్టున ఒక తోట

తెలుగులో నీడ మంచి మాట. ఇల్లు లేనివాళ్ల గురించి నిలువ నీడ లేదంటాం. ఒళ్లు అలవని ఉద్యోగాన్ని నీడపట్టున ఉండే పని అంటాం. కష్టకాలంలో ఆదుకున్నవాళ్ల గురించి చెప్పేటప్పుడు వాళ్ల నీడన బతికామంటాం. మనుషుల దగ్గర ఇంత మర్యాద ఉన్న మాట, మొక్కల దగ్గరికి వచ్చేసరికి తిట్టయిపోతుంది. "అక్కడ నీడండీ, ఏమీ రాదు" అని ఒక్క మాట అనేస్తారు. ఆ మాటతో ఆ జాగా పగిలిన బకెట్లకీ, అరిగిన చీపుళ్లకీ, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన పైపు ముక్కలకీ సొంతమైపోతుంది.

మా ఇంటికీ ప్రహరీగోడకీ మధ్య అలాంటి సందు ఒకటి ఉంది. వెడల్పు 5 అడుగులు, పొడవు 30 అడుగులకి కాస్త తక్కువ. ఒక చివర పక్కింటివాళ్ల మామిడిచెట్టు గోడ మీంచి ఇటు ఒరిగి గొడుగు పట్టినట్టు ఉంటుంది. అందులో తోట వేస్తానన్నప్పుడు ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఎవరూ నమ్మనూ లేదు. ఇప్పుడు ఇంటికి వచ్చినవాళ్లు హాల్లోంచి లేచి వెళ్లి ఆ సందులో నిలబడుతున్నారు కాబట్టి, దాని గురించి కొంచెం వాదించే హక్కు నాకు వచ్చిందనుకుంటాను.

నా వాదన ముందే చెప్పేస్తాను. నీడలో తోట రాకపోవడానికి చాలాసార్లు కారణం నీడ కాదు, మన పూల పిచ్చి. మొదటి ఏడు ఆ పిచ్చికి నేనూ కప్పం కట్టాను.

ఆ ఏడు నర్సరీకి వెళ్లి, పూలతో నవ్వుతున్నవాటిని చూసి చూసి తెచ్చుకున్నాను. ఆరు గులాబీలు, రెండు మందారాలు, ఒక మల్లె. "మా దగ్గర కాస్త నీడండీ" అంటే "ఏం కాదండీ, వెలుతురుంటే చాలు, వచ్చేస్తాయి" అన్నాడు అక్కడి కుర్రాడు. గులాబీలు వాటితోపాటు వచ్చిన మొగ్గలన్నీ విప్పి నన్ను బాగానే మురిపించాయి. ఆ తర్వాత కొత్త చిగుళ్లు పాలిపోయి, సన్నగా, కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం పెంచుకుంటూ సాగాయి. ఎంత ఏపుగా ఎదుగుతున్నాయో అని సంబరపడ్డాను. అవి నిజానికి పారిపోతున్నాయి. నాలుగో నెలకి ఆకులన్నీ రాలి, ముళ్లున్న పుల్లలు మిగిలాయి. మల్లె బతికింది కానీ ఒక్క మొగ్గ తొడగలేదు.

ఎందుకలా సాగుతాయో తర్వాత చదువుకుంటే తెలిసింది. ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది. ఆ ఎరుపుకి ఆవల, మన కంటికి దాదాపు ఆనని ఇంకో ఎరుపు ఉంటుంది. దాన్ని చాలావరకు వదిలేస్తుంది. అందుకని ఆకుల్లోంచి వడకట్టుకుని కిందకి దిగే వెలుగులో మామూలు ఎరుపు తగ్గి, ఈ రెండో ఎరుపు వాటా పెరుగుతుంది. మొక్కల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే పదార్థం ఈ పాళ్లలో తేడాని పసిగడుతుంది. ఎండలో పుట్టి పెరిగే జాతులకి అది ఒక హెచ్చరిక: నెత్తి మీద ఎవరో ఉన్నారు, వాళ్లని దాటిపో అని. అప్పుడవి ఉన్న కాస్త బలమూ కాడకి పోసి, వేరునీ ఆకునీ పువ్వునీ పస్తు పెడతాయి.

అడవిలో నేల మీద బతికే మొక్కలు అదే కబురు విన్నా కంగారుపడవు. ఆకుని వెడల్పుగా, పల్చగా పరుచుకుంటాయి. మొక్క ఊపిరి తీసుకోవడానికీ ఖర్చుంటుంది. వెలుగు వల్ల వచ్చే రాబడి ఆ ఖర్చుకి సరిగ్గా సరిపోయే గీత ఒకటుంటుంది. దానికి పైన ఉంటే ఎదుగుదల, కింద ఉంటే మెల్లగా చావు. నీడ మొక్కలు ఖర్చు తగ్గించుకుని ఆ గీతని కిందకి దించుకున్నవి, అంతే. చిన్న జీతంతో ఇల్లు లాక్కొచ్చేవాళ్లుంటారే, అలాంటివి. కాబట్టి "నీడంటే ఇష్టపడే మొక్క" అని చీటీ మీద కనిపిస్తే పూర్తిగా నమ్మకండి. చాలావాటికి నీడ ఇష్టం కాదు, ఓర్పు. నెత్తిన ఎండ పడకుండా ఇంకాస్త వెలుతురిస్తే వాటిలో చాలావరకు ఇంకా బాగా పెరుగుతాయి.

రెండో ఏడు ఒక్క మొక్కా కొనలేదు. నా తోటపనిలో నేను చేసిన తెలివైన పని అదేనేమో. ఒక సెలవు రోజు ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకా గంటకోసారి సందులోకి వెళ్లి, ఎండ ఎక్కడిదాకా పడిందో సుద్దముక్కతో గీత గీసి పక్కన టైము రాశాను. సాయంత్రానికి ఆ నేల పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుకున్న చోటులా తయారైంది. కానీ అన్నాళ్లూ నేను నీడ అని ఒకే మాట అంటున్న చోట మూడు రకాల నీడలున్నాయని తేలింది. గేటు వైపు పొద్దున రెండు గంటలు లేత ఎండ పడుతోంది. మధ్యలో ఎండ అసలు లేదు, కానీ తలెత్తితే ఆకాశం కనిపిస్తోంది. మామిడి కింద ఆకాశమూ లేదు. అక్కడక్కడ రూపాయి బిళ్లంత వెలుగు మచ్చలు, గాలి వీచినప్పుడల్లా చోటు మారుతూ. ఆరు నెలల తర్వాత మళ్లీ గీస్తే గీతలు రెండు మూడడుగులు జరిగిపోయాయి. సూర్యుడి దారి ఏడాది పొడవునా ఒక్కటి కాదన్న సంగతి చిన్నప్పుడు పాఠంలో చదివాను కానీ, ఆ సంగతి నా సందుకీ వర్తిస్తుందని అప్పటిదాకా తట్టలేదు.

ఈ గోడ నీడకీ చెట్టు నీడకీ తేడా తెలియకపోతే మొక్కలు ఎందుకు పోతున్నాయో ఎప్పటికీ అర్థం కాదు. గోడ వెలుగుని అడ్డుకుంటుంది గానీ వడకట్టదు. పైనుంచి ఆకాశపు వెలుతురు మామూలు రంగులతోనే దిగుతుంది, వాన కూడా పడుతుంది. చెట్టు వెలుగులో సారం తీసుకుని మిగిలింది కిందకి వదులుతుంది, వాన నీళ్లలోనూ ముందు తన వాటా తీసుకుంటుంది. మొదటిదాన్ని తడి నీడ అనుకోండి, రెండోదాన్ని పొడి నీడ. ఒకదానికి చెప్పిన సలహా రెండోదానికి పనికిరాదు. ఈ రెండిటికీ కలిపి "నీడ మొక్కలు" అని ఒకే పట్టీ ఇచ్చేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

వెలుగుని కొలవడానికి కంటిని నమ్మకూడదు. మన కన్ను ఎక్కడికి వెళ్తే అక్కడికి సర్దుకుపోతుంది. నడి ఎండలో సుమారు లక్ష లక్స్ ఉంటే, లైటు వేసిన గదిలో కొన్ని వందలే ఉంటాయి. వందల రెట్లు తేడా ఉన్నా రెండు చోట్లా పేపరు చదువుకోగలుగుతాం, రెండూ "బాగా వెలుతురుగానే ఉంది" అంటాం. మొక్కకి ఆ సర్దుబాటు లేదు. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉంటే అది కచ్చితంగా చెప్పకపోయినా, ఒక మూలకీ ఇంకో మూలకీ తేడా ఎంతో పట్టిస్తుంది. అదీ లేకపోతే మిట్టమధ్యాహ్నం మొక్క పెట్టాలనుకున్న చోట నేలకి అడుగెత్తున అరచెయ్యి చాపండి. నీడ అంచు కత్తితో కోసినట్టుంటే అక్కడ వెలుగు దండిగా ఉంది. చెయ్యని పోల్చుకోగలిగేంత మసక నీడ పడితే చాలా ఆకుమొక్కలకి అది చక్కటి చోటు. నీడే పడకపోతే అక్కడ మొక్క బదులు కుర్చీ వేసుకోండి. నేను హాస్యానికి అనడం లేదు. మా సందులో మెట్ల కిందున్న మూల అలాంటిదే. మూడు స్నేక్ ప్లాంట్లని బలిచ్చాక అక్కడ ఒక రాతిపలక వేశాను. సందులో అందరూ వచ్చి కూర్చునే చోటు ఇప్పుడదే.

ఇక పూల పిచ్చి సంగతి. మా పెద్దమ్మ వచ్చినప్పుడు సందంతా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, "ఇదేం తోటే అమ్మాయ్, అన్నీ ఆకులే!" అంది. అప్పటికి నా తోటకి నాలుగేళ్లు. ఉక్రోషం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అన్నది అక్షరాలా నిజం, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదనిపించింది. పువ్వు మొక్కకి ఖరీదైన పని. ఎండ అనే రాబడి బాగా ఉన్నవే ధారాళంగా పూస్తాయి. నీడలో రాబడి తక్కువ కాబట్టి అక్కడి మొక్కలు తమ పనితనమంతా ఆకు మీద చూపిస్తాయి. మనం పువ్వులే చూడటం నేర్చుకున్నాం గనుక ఆకు దగ్గరికి వచ్చేసరికి చూపు జారిపోతుంది.

అలాగని ఆకుని మనం ఇష్టపడమని కాదు. అందరూ ఇళ్లల్లో పెంచుకునే మనీప్లాంటునే తీసుకోండి. దాని పువ్వు చూశారా? చూసి ఉండరు. ఒక హార్మోను తయారుచేసుకునే జన్యువు సరిగ్గా పనిచేయకపోవడం వల్ల అది పూయలేదని 2016లో తేల్చారు. దానంతటది పూసినట్టు చివరగా నమోదైంది 1964లో. పువ్వన్నదే లేకుండా ఆకుతోనే ఇంటింటికీ చేరిన మొక్క అది. కానీ నేలలో పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త, గోడా చెట్టూ తేడా లేకుండా మింగేస్తుంది.

ఆకు చేసే పనులు చూడటం మొదలుపెడితే రోజు చాలదు. మలేసియా అడవుల్లో నెమలి రంగు ఆకుల బిగోనియా ఒకటుంది. ఆకు నీలంగా మెరవడానికి కారణం రంగు పదార్థం కాదు, పచ్చదనాన్నిచ్చే క్లోరోప్లాస్టుల లోపల పొరలు పేర్చినట్టు వరసగా ఉండటం. ఆ అమరిక నీలాన్ని తిప్పికొట్టి, అడవి అడుగున దొరికే పచ్చ, ఎరుపు కాంతిని ఎక్కువగా పట్టుకుంటుందనీ, మసక వెలుగులో ఆకు పనితనాన్ని 5 నుంచి 10 శాతం పెంచుతుందనీ 2016లో బ్రిస్టల్ పరిశోధకులు చూపించారు. మాన్‌స్టెరా జాతిలో ఒక తీగ సంగతి ఇంకా విచిత్రం. విత్తులోంచి వచ్చిన పిల్ల మొక్క వెలుగు వైపు పాకదు, అన్నిటికంటే చీకటిగా ఉన్న వైపు పాకుతుంది. అడవిలో అంత చీకటిగా కనిపించేది పెద్ద చెట్టు మొదలే కదా! దాన్ని పట్టుకున్నాక వెలుగు వైపు ఎక్కుతుంది. 1975లో సైన్స్ పత్రికలో ఈ సంగతి వచ్చింది. నీడని దారిచూపించే దీపంలా వాడుకునే మొక్క ఒకటుందని తెలిశాక, నీడలో ఏమీ రాదని అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఫెర్నులైతే ఇంకో మెట్టు పైన. మసక వెలుగుని బాగా పసిగట్టడానికి తోడ్పడే నియోక్రోమ్ అనే జన్యువు వాటికి తాతముత్తాతల నుంచి రాలేదు. హార్న్‌వర్ట్ అనే, నాచు కుదురుకి చెందిన ఒక చిన్న మొక్క నుంచి ఎప్పుడో పూర్వకాలంలో వాటికి చేరిందని 2014లో బయటపడింది. చేబదులు తీసుకుని తిరిగి ఇవ్వలేదన్నమాట. మా సందులో వానకి ముందు ఫెర్ను మధ్యలోంచి కొత్త ఆకు లేస్తుంది. మొదట గోధుమరంగు నూగుతో, వేలి కొసంత చుట్ట. వయొలిన్ తల ఎలా మెలికపడి ఉంటుందో అలా ఉంటుంది. రోజుకి అర చుట్టు, ఒక చుట్టు విప్పుకుంటుంది. పెద్ద చుట్ట విడుతుంటే దాని పక్కన చిన్న చిన్న ఆకులు ఒక్కొక్కటీ తమ సొంత చుట్టలో ఉంటాయి, అవీ ఒకదాని తర్వాత ఒకటి విప్పుకుంటాయి. వారం పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ వెళ్లి దాని ముందు నిలబడతాను.

అంత ప్రేమించీ దానికి ఒకసారి ద్రోహం చేశాను. ఆకు తిరగేస్తే అడుగున గోధుమరంగు చుక్కలు కనిపించాయి. పొలుసు పురుగు పట్టిందనుకుని పాత టూత్‌బ్రష్షూ సబ్బునీళ్లూ తీసుకుని ఒక పూటంతా కూర్చుని గీకాను. అవి పురుగులు కావు, ఫెర్ను విత్తనాల్లాంటి సిద్ధబీజాల గుత్తులు. అది తన సంతానాన్ని వరసగా పేర్చుకుంటే నేను తుడిచి పారేశాను. ఒక్క గుర్తు చెబుతాను, మీకు ఆ పూట మిగులుతుంది. ఈనెకి అటూ ఇటూ కుట్టుపని చేసినట్టు ఒకే ఎడంతో చుక్కలుంటే సిద్ధబీజాలు, ఎక్కడపడితే అక్కడ కాడల మీద కూడా ఉంటే పురుగు.

ఆకులతో తోట కట్టడానికి నాకు తెలిసిన సూత్రం ఒక్కటే, పక్కపక్కన ఉన్న రెండు ఆకులు ఒకలా ఉండకూడదు. చేమ కుటుంబానికి చెందిన ఆలొకేసియా లాంటి చేటంత ఆకు పక్కన నూలుపోగుల్లాంటి ఫెర్ను. దాని పక్కన కత్తిలా నిలబడే ఆస్పిడిస్ట్రా. కిందన గడ్డిలా పరుచుకునే లిరియోపే. రంగు అంతా పచ్చే అయినా కంటికి విసుగు రాదు. నిగనిగలాడే ఆకులు కొన్ని ఉండాలి, ఉన్న కాస్త వెలుగునీ అవి అద్దంలా తిప్పి కొడతాయి. ఒక్కో రకంలో ఒక్కో మొక్క చొప్పున పాతిక రకాలు తెస్తే అది నర్సరీ అవుతుంది. ఐదు రకాలు, ఒక్కోటి నాలుగైదు మొక్కలు గుంపుగా పెడితే తోటవుతుంది. నేను మొదట తెచ్చింది పాతిక రకాలే లెండి.

తెల్లచారల ఆకుల దగ్గర చిన్న తిరకాసు ఉంది. ఆకులో తెల్లగా ఉన్నచోట సాధారణంగా పచ్చదనం ఉండదు, అంటే ఆ మేరకు సంపాదన లేదు. అలాంటివాటిని బాగా చీకట్లో పెడితే చాలాసార్లు తెలుపు వదిలేసి పచ్చగా మారతాయి, లేదంటే నీరసించిపోతాయి. బిగోనియాల వెండిమచ్చలు వేరు. అవి ఆకు పైపొర కిందున్న గాలి అరల వల్ల వచ్చిన మెరుపు, కింద పచ్చదనం అలాగే ఉంటుంది. కాబట్టి చీకటి మూలకి తెల్లచార కన్నా వెండిమచ్చ మేలు. ఇంకో మాట, ఆలొకేసియా, కలాడియం, డిఫెన్‌బాకియా లాంటివాటి ఆకు నమిలితే నోరూ నాలుకా మండి వాస్తాయి. పసిపిల్లలూ కుక్కలూ పిల్లులూ ఉంటే అందని చోట పెట్టుకోవాలి.

మర్రిచెట్టు కింద మరో మొక్క మొలవదని సామెత. పెద్దవాళ్ల పిల్లలు ఎదగకపోతే వాడతాం. దట్టమైన వానల అడవిలో నేలదాకా చేరే వెలుగు నూటికి ఒకటో రెండో పాళ్లు, అయినా అక్కడ నేల ఖాళీగా ఉండదు. సామెత తప్పని కొట్టిపారేద్దామనుకున్నాను. మామిడి కింద పని మొదలుపెట్టాక దానిలో ఎంత నిజముందో తెలిసింది. అక్కడ మొక్కని చంపేది వెలుగు కన్నా ముందు దాహం. వానొస్తే మనం చెట్టు కిందకి ఎందుకు పరిగెడతాం? తడవకుండా ఉండటానికే కదా! అక్కడ ఉన్న మొక్కా తడవదు. తేమనీ ఎరువునీ లాగే సన్నటి వేళ్లలో చాలావరకు పై అడుగున్నర, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. మనం పోసే ప్రతి చెంబులోనూ ముందు చెట్టు తాగుతుంది.

తెలియక గునపం పట్టుకుని అడుగు లోతు గొయ్యి తవ్వబోతే బొటనవేలంత వేరు తెగింది. సరే తవ్వొద్దనుకుని చెట్టు మొదట్లో మట్టి పోసి ఎత్తు చేద్దామనుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పని పక్కింటి పెద్దాయన ఆపారు. మొదలు మట్టిలో కూరుకుపోతే బెరడు కుళ్లుతుంది, వేళ్లకి గాలి ఆడదు. ఆ తర్వాత కుండీలు పెట్టాను. ఏడాది తర్వాత ఒక కుండీ జరుపుదామంటే కదల్లేదు. అడుగునున్న నీటి కన్నంలోంచి మామిడి వేళ్లు లోపలికి దూరి, కుండీ మట్టినంతా జడలా అల్లేసుకున్నాయి. నవ్వొచ్చింది, కొంచెం భయం కూడా వేసింది. ఇప్పుడు కుండీల కింద ఇటుక ముక్కలు పెడుతున్నాను. నేలలో పెట్టాలంటే వేళ్ల మధ్య ఎక్కడ చెయ్యి దిగుతుందో వెతికి, గుప్పెడు చోటులో చిన్న పిలక పెడతాను. చిన్నది చోటుకి తగ్గట్టు సర్దుకుంటుంది, పెద్ద మొక్క అలిగి పోతుంది. మొదటి రెండేళ్లు నీళ్లు మానకుండా పోస్తాను. రాలిన ఆకుల్ని ఊడ్చి కాల్చకుండా అక్కడే పరుస్తాను. మామిడాకు మందం, కుళ్లడానికి తీరిగ్గా ఏడాది పైనే తీసుకుంటుంది, ఈలోపు నేలలో తేమని కాస్తుంది.

సందు మధ్యలోని గోడ నీడలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ మట్టి రోజుల తరబడి ఆరదు. మొదట్లో పైపు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి అన్నిటికీ సమానంగా తడిపేదాన్ని, పంక్తిలో వడ్డించినట్టు. మామిడి కింద ఎండిపోయాయి, గోడ పక్కన కుళ్లిపోయాయి. పీస్ లిల్లీ ఇంకా మాయలాడి, దాహమేసినా వాలిపోతుంది, నీళ్లెక్కువై వేరు కుళ్లినా అలాగే వాలిపోతుంది. రెండోసారి వాలిందని ఇంకో చెంబు పోసింది నేనే. వేలు రెండు కణుపులదాకా మట్టిలో దించి చూడటం తప్ప దీనికి మందు లేదు. ఎరువూ అంతే, నీడలో మొక్క మెల్లగా తింటుంది కనుక తక్కువ పెట్టాలి.

మామిడి గురించి ఇంకో సంగతి. నా అవస్థ చూసి పక్కింటి పెద్దాయనే ఒకరోజు గోడ మీంచి, "కొట్టించెయ్యమంటావా అమ్మా, మీకు ఎండొస్తుంది" అన్నారు. ఆ మాటకి రుణపడిపోయాను గానీ, వద్దండీ బాబోయ్ అన్నాను. నీడ తోటని చూసి చాలామందికి వచ్చే మొదటి ఆలోచన ఇదే, చెట్టు తీసేద్దామని. ముప్ఫై ఏళ్లు పెరిగిన చల్లదనాన్ని నాలుగు గులాబీల కోసం ఒక పూటలో నరికేయడం నాకు ఏ లెక్కలోనూ లాభంగా కనిపించలేదు. కింద వేలాడే రెండు కొమ్మలు తీయిస్తే పక్కనుంచి వెలుతురు దూరుతుంది. ఒకేసారి పచ్చకొమ్మల్లో పాతిక శాతానికి మించి తీయకూడదంటారు. మేం తీయించింది అందులో సగం కూడా ఉండదు. ఇంకోటి, ప్రహరీగోడకి లోపలివైపు తెల్లసున్నం వేయించాను. తోట కోసం నేను పెట్టిన ఖర్చుల్లో దీనికి సాటి వచ్చింది లేదు. మధ్య భాగంలో చేత్తో చూసే పరీక్షకి అంతకుముందు పడని నీడ ఆ మర్నాడు పడింది.

పూలు అసలే వద్దని నేననడం లేదు. పెడితే తెల్లవి పెట్టండి. సాయంత్రం మసక పడుతున్నప్పుడు ఎర్రపూలు ముందుగా నల్లబడి మాయమవుతాయి, ఆకులు మాత్రం ఇంకాసేపు కనిపిస్తాయి. వెలుగు తగ్గే కొద్దీ కన్ను ఎరుపుని వదిలి నీలం, పచ్చ వైపు జరుగుతుంది. 19వ శతాబ్దం మొదట్లో యాన్ పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించింది పూలని చూస్తూనే, అందుకే దానికి ఆయన పేరు. నా గేటు దగ్గర, పొద్దుటి ఎండ తగిలే చోట, తెల్ల ఇంపేషన్స్ ఉన్నాయి, మన కాశీతుంబకి చుట్టాలు. ఒక నందివర్ధనం ఉంది. దీపాలు పెట్టేవేళకి ఆ తెలుపు ఒక్కటీ గాలిలో తేలుతున్నట్టుంటుంది. ఎవరూ చూడని అందాన్ని అడవి కాచిన వెన్నెల అంటాం కదా, నేను రోజూ చూస్తున్నాను కాబట్టి దీన్ని అలా అనలేను.

నాచు కోసం మాత్రం చాలా తంటాలు పడ్డాను. రాళ్ల మీద మజ్జిగ పూస్తే నాచు వస్తుందని ఎక్కడో చదివి పూశాను. వాసన వచ్చింది, బూజు వచ్చింది, చీమలు వచ్చాయి. క్యోటోలోని సైహోజి తోట నాచుకి లోకమంతా పేరుపొందింది, సుమారు 120 రకాలున్నాయంటారు. 1339లో ముసో సోసెకి అనే సాధువు ఆ తోటని తీర్చిదిద్దినప్పుడు నాచు ఆయన లెక్కలో లేదు. తర్వాతి శతాబ్దాల్లో ఆలనాపాలనా తగ్గాక, తడికీ నీడకీ అదే వచ్చి పరుచుకుంది. ఇది తెలిశాక రాళ్ల జోలికి పోవడం మానేశాను. రెండు వానాకాలాల తర్వాత కుళాయి పక్కన రాయి మీద, నేను ఏమీ పూయని రాయి మీద, అరచేతి మేర పచ్చ మఖమల్ కనిపించింది.

దోమల సంగతి అడుగుతారని తెలుసు. ఉంటాయి. నీళ్ల తొట్టె పెడితే రెండు మూడు రోజులకోసారి మార్చాలి, కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వకూడదు. నత్తలూ ఉంటాయి, వాన వెలిసిన రాత్రి టార్చి పట్టుకుని ఏరుతాను. ఇవన్నీ ఉన్నాక కూడా నడి వేసవి మధ్యాహ్నం, ముందు వైపు ఎండలో పెట్టిన మొక్కలన్నీ తలలు వేలాడేసినప్పుడు, ఈ సందులోకి వచ్చి కూర్చుంటే ఎవరిది తెలివైన తోటో తెలుస్తుంది.

పోయిన నెల ఆస్పిడిస్ట్రా మొదట్లో ఎండుటాకులు ఏరుతున్నాను. దాన్ని ఇంగ్లీషువాళ్లు పోత ఇనుప మొక్క అంటారు, మసకగదుల్లో ఏ ఆలనా లేకుండా బతికిందని. ఆరేళ్లుగా నా దగ్గర ఉంది, ఏడాదికి నాలుగైదు ఆకులు తప్ప ఏమీ అడగలేదు, ఏమీ ఇవ్వలేదు. ఆకులు తీస్తుంటే మట్టికి అంటుకుని, కాడన్నదే లేకుండా, బొత్తాం కన్నా కాస్త పెద్దగా ఏదో ఊదారంగులో ఉంది. మోకాళ్ల మీద వంగి చూశాను. కండగా, గిన్నెలా, చుట్టూ ఎనిమిది రేకులు. మధ్యలో గొడుగు ఆకారంలో ఒక మూత. పువ్వే! మనం చూడాలని పూసింది కాదు. జపాన్‌లో దీన్ని కాపుకాసి చూసిన పరిశోధకులు, కుళ్లిన ఆకుల్లో తిరిగే చిన్న చిన్న ఈగలు దీనికి పరాగాన్ని మోస్తాయని రాశారు. దాని లెక్కలో నా ఆకుల చెత్తే పూలపందిరి. ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు పూసిందో, ఎన్నిసార్లు చీపురుతో ఊడ్చేశానో.

ఫోటో తీసి పెద్దమ్మకి పంపాను. కాసేపటికి ఫోను చేసి, "ఇది పువ్వా, పుట్టగొడుగా?" అని అడిగింది.